కథ ఎవరి కళ్ళతో?

బెంగాలులో ఒక జమీందారు ఇంట ఇనప్పెట్టెలో ఉన్న ఆరు వేల రూపాయల విలువగల బంగారు నాణేలు పోయాయి. తీసినది బయటి దొంగ కాదు, ఆ ఇంటి ఇల్లాలే. వితంతువులైన ఇద్దరు తోడికోడళ్ళకు ఏటా పూజ పండుగకు ఆమె భర్త ఇచ్చే కానుక అది. బ్యాంకుకు పంపేలోగా ఆ పెట్టెలో భద్రపరచి ఉంచారు. స్వదేశీ ఉద్యమం పేరిట ఆ ఇంట మకాం వేసిన భర్త స్నేహితుడు దేశం కోసమంటూ డబ్బడిగాడు. ఆమె కాదనలేకపోయింది.

పోలీసు దస్త్రంలోనైతే ఈ సంగతి నాలుగు వాక్యాలతో ముగిసిపోయేది. రవీంద్రనాథ టాగూరు నవల ‘ఘరే బాయిరే’లో అది అంత సులభంగా ముగియదు. ఇల్లూ, బయటి లోకమూ అని ఆ పేరుకు అర్థం. కథను ముగ్గురు వ్యక్తులు వంతులవారీగా చెబుతారు: ఇల్లాలు విమల, భర్త నిఖిలేశ్, అతని స్నేహితుడు సందీప్. ఎవరి ప్రకరణం వారి ఆత్మకథ. ఆ డబ్బు తీసిన రాత్రి విమల తన ఇంటిని దోచుకుంటూ తన దేశాన్నే దోచుకున్నట్లు కుమిలిపోతుంది. కోరినదాన్ని లాక్కోగలగడమే బలానికి గుర్తని నమ్మిన సందీప్‌కు, ఆమెను డబ్బడగడమంటే ఆమెపై తన పట్టు ఎంతటిదో తూచి చూసుకోవడం. నిఖిలేశ్ తప్పును తనలోనే వెతుక్కుంటాడు. భార్యను తన ఆదర్శానికి సరిపోయే మూసలో పోయాలని ఇన్నాళ్ళూ తాను చేసిన ప్రయత్నంలో కూడా ఒక విధమైన నిరంకుశత్వం ఉన్నదని గ్రహిస్తాడు.

దొంగతనం ఒక్కటే. దాని అర్థం మాత్రం చెప్పేవారిని బట్టి మారిపోయింది. కథను ఒక పాత్ర దృష్టి నుంచి మరొక పాత్ర దృష్టికి మార్చే శిల్పానికి మన దేశపు నవలల్లో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. నేడు కథలూ నవలలూ వ్రాస్తున్న యువ రచయితలలో అనేకులు ఈ పద్ధతి వైపు మొగ్గు చూపుతున్నారు. ఒక అధ్యాయం నాయకుడిది, తరువాతిది నాయికది, ఆ తరువాతిది ఇంటి పనిమనిషిది. పద్ధతి ఆకర్షణీయమైనదే. కాని ఒక దృష్టి నుంచి మరొక దృష్టికి ఎందుకు మారాలి, ఎప్పుడు మారాలి అన్న ప్రశ్నకు సమాధానం ఆలోచించుకున్నవారు తక్కువ.

సాక్షుల బోను నుంచి నవలకు

ఈ పద్ధతిని ఆధునిక నవలలో ప్రచారంలోకి తెచ్చినవారిలో ఇంగ్లండు రచయిత విల్కీ కాలిన్స్ ముఖ్యుడు. 1859-60లో డికెన్స్ పత్రికలో ధారావాహికగా వెలువడిన ‘ది వుమన్ ఇన్ వైట్’ నవలలో ఆయన కథను అనేకుల చేత చెప్పించాడు. కాలిన్స్ న్యాయశాస్త్రం చదివినవాడు. న్యాయస్థానంలో ప్రతి సాక్షీ తాను చూచినదే చెబుతాడు. ఇతరులు చూచినదాన్ని చెప్పడానికి అతనికి అధికారం లేదు. ఆ నియమాన్నే ఆయన నవలకు తెచ్చాడు.

ఆ మార్గాన్ని బెంగాలీలో అనుసరించినవాడు బంకించంద్ర చటోపాధ్యాయ. 1877లో పుస్తకరూపం దాల్చిన ‘రజని’ నవలలో పాత్రలే తమ కథను చెప్పుకుంటాయి. కాలిన్స్ నుంచి ఈ పద్ధతిని గ్రహించినట్లు ఆయనే ఒప్పుకున్నాడు. బంకించంద్రుడు వృత్తిరీత్యా డిప్యూటీ మేజిస్ట్రేటు. ఒకే సంఘటన గురించి పరస్పర విరుద్ధమైన వాంగ్మూలాలు వినడం ఆయనకు నిత్యకృత్యం.

అయితే బంకించంద్రుడు కాలిన్స్ వద్ద ఆగిపోలేదు. ఆయన నవలలో కథ చెప్పేవారిలో మొదటిది రజని. ఆమె పూలమాలలు కట్టి అమ్ముకునే పుట్టుగుడ్డి. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పుటలలో రంగు ఉండకూడదు, రూపం ఉండకూడదు. స్పర్శ, ధ్వని, పరిమళం మాత్రమే ఆమె లోకం. ఆమె ప్రేమించిన శచీంద్రుడు ఆమెకు ఒక కంఠస్వరం, ఒక చేతి స్పర్శ. చూపున్న మరొక పాత్ర కథ అందుకోగానే అదే లోకం ఒక్కసారిగా వెలుతురుతో నిండిపోతుంది. దృష్టికోణం మారడమంటే కేవలం పేరు మారడం కాదనీ, ఇంద్రియాలతో సహా లోకమంతా మారడమనీ బంకించంద్రుడు ఆనాడే నిరూపించాడు.

ఈ ఎరుక మన దేశానికి అంతకుముందూ కొత్త కాదు. దండి సంస్కృతంలో రచించిన ‘దశకుమార చరిత్ర’లో రాకుమారులు ఎవరి అనుభవాలను వారే చెబుతారు. వారిలో మంత్రగుప్తుడనేవాడికి ప్రియురాలి దంతక్షతం వలన పెదవి నొప్పిగా ఉంటుంది. అందుచేత అతడు తన కథలో పెదవులు కలిస్తేనేగాని పలకని ప, ఫ, బ, భ, మ వంటి అక్షరాలను పూర్తిగా వదలి మాట్లాడతాడు. పండితులు దీన్ని శబ్ద చమత్కారంగా మెచ్చుకుంటారు. కథకుని దృష్టితో చూస్తే అందులో మరొక పాఠం ఉంది. మాట్లాడే మనిషి నోటిని బట్టి మాట మారాలి. ఆ దశకుమార చరిత్రను పదమూడవ శతాబ్దిలో తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చిన కేతన అభినవ దండి అనిపించుకున్నాడు.

ముగ్గురికి మూడు గొంతులు

దృష్టికోణాలు మార్చే రచనల్లో తరచు కనిపించే మొదటి లోపం కూడా ఇదే. పేర్లు మారుతాయి, గొంతు మారదు. పల్లెటూరి ముసలమ్మ, పట్నంలో చదివే ఆమె మనుమరాలు, ఊరి కరణం ముగ్గురూ రచయిత భాషలోనే ఆలోచిస్తారు. అధ్యాయం పైనున్న పేరును చేత్తో కప్పితే మాట్లాడుతున్నది ఎవరో పోల్చుకోలేము.

‘ఘరే బాయిరే’ 1915-16లో ప్రమథ చౌధురి సంపాదకత్వాన వెలువడిన ‘సబుజ్ పత్ర’లో ధారావాహికగా వచ్చింది, 1916లో పుస్తకమైంది. అంతవరకు నవలలను గ్రాంథికమైన సాధు భాషలో వ్రాస్తూ వచ్చిన రవీంద్రుడు వాడుక బెంగాలీలో వ్రాసిన తొలి నవల ఇదే. తెలుగునాట గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతున్న కాలమే అది. ముగ్గురు మనుషులు తమ అంతరంగాలను తామే విప్పి చెప్పుకోవలసినప్పుడు, ముగ్గురికీ ఒకే గ్రంథభాష తొడిగితే వారి మధ్య తేడా నిలవదు. ఈ నవలలో విమల మాట జ్ఞాపకాలతో, పశ్చాత్తాపంతో తడిసి ఉంటుంది. సందీప్ మాట ఉపన్యాసంలా ఉరకలు వేస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అతడు సభకు మాట్లాడుతున్నట్లే ఉంటాడు. నిఖిలేశ్ తనను తాను ప్రశ్నించుకుంటూ నెమ్మదిగా నడుస్తాడు.

ఇందులో కాలం కూడా మెలకువతో అమరింది. విమల తన కథను అంతా జరిగిపోయిన తరువాత వెనుదిరిగి చూస్తూ, కన్నతల్లిని తలచుకుంటూ మొదలుపెడుతుంది. మగవారిద్దరూ ఏనాటిదానిని ఆనాడే వ్రాసుకుంటున్నట్లు చెబుతారు. రాబోయే అనర్థం విమల గొంతులో మొదటి నుంచీ నీడలా కనిపిస్తూ ఉంటుంది; సందీప్‌కు అది తెలియదు, గెలుపు తనదేనన్న ధీమాతో మాట్లాడుతూనే ఉంటాడు. ఆ రెండు గొంతులనూ పక్కపక్కన వినే పాఠకుడికి కలిగే భయం ఏ ఒక్కరు కథ చెప్పినా కలిగేది కాదు.

ఎప్పుడు మారాలి?

ఒకే సన్నివేశంలో ఒకరి మనసులోంచి మరొకరి మనసులోకి దూకడం తప్పని కథాశిల్ప గ్రంథాలు హెచ్చరిస్తాయి. నియమంగా అది మంచిదే. కాని మహారచయితలు దాన్ని అవసరమైనప్పుడు దాటారు. ‘అన్నా కరెనినా’లో టాల్‌స్టాయ్ వేట సన్నివేశం మధ్యలో లేవిన్‌ను విడిచి అతని కుక్క లాస్కా మనసులోకి ప్రవేశిస్తాడు. పక్షి ఎక్కడ ఉన్నదో వాసనను బట్టి కుక్కకు తెలుసు. యజమానికి తెలియదు. అతడు పొరపాటున మరో వైపు వెతకమంటాడు. తనకు తెలిసినదాన్ని చెప్పలేని ఆ జంతువు ఆజ్ఞను పాటిస్తుంది. ఆ కొద్ది వాక్యాలలో యజమాని అధికారమూ అతని అజ్ఞానమూ ఒక్కసారే కనిపిస్తాయి. లేవిన్ కళ్ళతోనే చూస్తే ఈ సంగతి బయటపడదు గనుక ఆ మార్పు సమంజసమైంది.

వర్జీనియా వుల్ఫ్ 1925 నాటి ‘మిసెస్ డాలోవే’లో మరొక ఉపాయం చూపింది. లండన్ నగరంపై ఒక విమానం పొగతో ఆకాశంలో ప్రకటన అక్షరాలు వ్రాస్తూ పోతుంది. వీధుల్లోనూ తోటలోనూ ఉన్నవారు తల ఎత్తి చూస్తారు. ఒక్కొక్కరు ఆ అక్షరాలను ఒక్కొక్క విధంగా చదువుకుంటారు. కథనం ఒక మనసు నుంచి మరొక మనసుకు ఆ చూపుల వెంటే నడుస్తుంది. అందరూ చూస్తున్న వస్తువు ఒకటి వంతెనగా ఉండటం వలన పాఠకుడు దారి తప్పడు. మన కథకులకు గుడి గంట, రైలు కూత, వీధిలో పోతున్న శవయాత్ర అటువంటి వంతెనలు కాగలవు.

ఇక ఒకే సంఘటనను పలువురి చేత మళ్ళీ మళ్ళీ చెప్పించే పద్ధతి ఉంది. జపాన్ రచయిత అకుతగావా 1922లో వ్రాసిన ‘అడవిలో’ కథలో ఒక హత్య గురించి ఏడు వాంగ్మూలాలు ఉంటాయి. కురోసావా దీన్ని ఆధారం చేసుకుని 1950లో చిత్రం తీశాడు. పేరును, వర్షంలో తడిసిన నగరద్వారాన్ని అకుతగావా మరొక కథ ‘రషోమన్’ నుంచి తీసుకున్నాడు. 1951లో వెనిస్ చిత్రోత్సవంలో అది స్వర్ణసింహం గెలుచుకుంది. అకుతగావా కథలో లోతు ఎక్కడున్నదంటే, సాధారణంగా నేరస్థులు నేరాన్ని తప్పించుకోవడానికి అబద్ధమాడతారు; ఇక్కడ దొంగ తానే చంపానంటాడు, భార్య తానే చంపానంటుంది, మాధ్యమం నోట పలికిన మృతుడి ఆత్మ తానే పొడుచుకున్నానంటుంది. ముగ్గురూ నేరాన్ని తమ మీదికే లాక్కుంటారు. ప్రాణం కంటె కూడా తమ గురించి తాము అల్లుకున్న బొమ్మే వారికి ప్రియమైనది. ప్రతి వాంగ్మూలమూ ముందుదాన్ని చెరిపివేస్తుంది. కేవలం మరికొన్ని వివరాలు చేర్చేదైతే రెండవసారి చెప్పడమే వృథా.

కొలమానం అదే. దృష్టి మారినప్పుడు పాఠకుడికి కొత్త సమాచారం దొరికితే చాలదు. అంతవరకు అతడు ఇచ్చుకున్న తీర్పు కదలాలి. కదలని చోట ఒకే కంటితో చూడడం మేలు. 1930 నాటి ‘యాజ్ ఐ లే డైయింగ్’లో ఫాక్‌నర్ పదిహేనుమంది చేత 59 ప్రకరణాలు చెప్పించాడు. మరణించిన తల్లి ఆడీ శవాన్ని కుటుంబమంతా బండిపై మోసుకుపోతూ ఉండగా, కథ మధ్యలో ఆమె ఒక్కసారి మాత్రమే మాట్లాడుతుంది. ఆ ఒక్క ప్రకరణం తరువాత ఆ ప్రయాణం పాఠకుడికి మునుపటిలా కనిపించదు. అంత బలమున్న గొంతుకు రెండవ అవకాశం అక్కరలేదని ఫాక్‌నర్‌కు తెలుసు.

ప్రత్యర్థికి గొంతు ఇచ్చినవాడు

ఈ శిల్పంలో రచయితకు ఒక ప్రమాదం కూడా ఉంది. తనకు నచ్చని మనిషికి సైతం తన శక్తినంతా ధారపోసి మాట ఇవ్వాలి. రవీంద్రుడు 1905లో బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా పాటలు వ్రాసి, రాఖీలు కట్టించి, ఆ ఉద్యమంలో నడిచినవాడే. తరువాత అందులోని బలవంతాన్ని చూచి దూరంగా జరిగాడు. తెలుగువారికి ఆ ఉద్వేగం తెలియనిది కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసించినప్పుడు ఆ ప్రభావం ఎంతటిదో ఆంధ్రుల చరిత్రలో నమోదై ఉంది. సందీప్ ఉపన్యాసం వింటూ విమల తెర తొలగించుకుని చూచిన క్షణంలోని పులకింత, రవీంద్రుడు స్వయంగా ఎరిగిన పులకింతే. అందుకే సందీప్ బలహీనమైన ప్రతినాయకుడు కాలేదు.

అందుకు ఆయన మూల్యం చెల్లించాడు. సీతారావణుల గురించి సందీప్ పలికిన అగౌరవపు మాటలను రచయిత అభిప్రాయంగానే ఎంచి బెంగాలులో కొందరు మండిపడ్డారు. పాత్ర మాట పాత్రదేనని ఆయన పత్రికాముఖంగా సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. 1922లో హంగేరీ విమర్శకుడు లూకాచ్ ఒక జర్మన్ పత్రికలో ఈ నవలను సమీక్షిస్తూ, సందీప్‌ను గాంధీజీకి వ్యంగ్యచిత్రంగా భావించి తీవ్రంగా ఖండించాడు. నవల వెలువడే నాటికి గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగివచ్చి ఎంతో కాలం కాలేదు. సహాయ నిరాకరణోద్యమం ప్రారంభమైనది 1920లో. ఒకరు పాత్రలో రచయితను చూశారు, మరొకరు రాజకీయ నాయకుణ్ణి చూశారు. ముగ్గురి మాటా విని తూచవలసిన పని పాఠకుడికి అప్పగించే రచయిత ఇటువంటి అపార్థాలకు సిద్ధపడక తప్పదు.

మాట దక్కనివారు

ఎందరికి మాట ఇచ్చినా, మాట దక్కనివారు కొందరు మిగులుతారు. మన భాషల నవలాకారులు ఈ సంగతిని ఇతిహాసం విషయంలో గుర్తించారు. మరాఠీలో శివాజీ సావంత్ 1967లో ప్రచురించిన ‘మృత్యుంజయ్’లో కర్ణుడి కథను కర్ణుడు, కుంతి, దుర్యోధనుడు, కృష్ణులతోబాటు సూతుల ఇంటివారైన తమ్ముడు శోణుడూ భార్య వృషాలీ చెబుతారు. భారతంలో పక్కన నిలిచిపోయినవారికి అక్కడ సమానమైన ఆసనం దొరికింది. కన్నడంలో భైరప్ప 1979 నాటి ‘పర్వ’లో మహాభారతాన్ని పలు పాత్రల జ్ఞాపకాల గుండా నడిపించాడు.

ఆ దృష్టితో తిరిగి ‘ఘరే బాయిరే’ వైపు చూస్తే, ఆ ఇంట మాట్లాడనివారు ఒక్కొక్కరుగా కనిపిస్తారు. పొట్టకూటికి విదేశీ బట్టలు అమ్ముకునే బీద రైతు పంచు సరుకును పొరుగు జమీందారు తగులబెట్టించాడు. అతని గోడు నిఖిలేశ్ చెబితేనే వినిపిస్తుంది. సందీప్‌ను దేవుడిగా నమ్మిన కుర్రవాడు అమూల్య, విమల తీసిన సొమ్మును తిరిగి పూడ్చడానికి దోపిడీకి సిద్ధపడి, చివరకు అల్లర్లలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతనికీ ఒక ప్రకరణం లేదు.

మరొకరు ఉన్నారు. విమల ప్రకరణాలలో తోడికోడలు ఈర్ష్యాపరురాలు. ఎత్తిపొడుపు మాటలు, ఆస్తి లెక్కలు తప్ప ఆమెకు మరొకటి తెలియదన్నట్లే కనిపిస్తుంది. పాఠకుడూ నవలలో ఎక్కువ భాగం అలాగే నమ్ముతాడు. చివరిలో నిఖిలేశ్ కలకత్తాకు తరలిపోవడానికి సిద్ధమైనప్పుడు, ఆ వదిన కూడా తన సామానంతా సర్దుకుని బయలుదేరుతుంది. అప్పుడు అతనికి గుర్తుకు వస్తుంది: తొమ్మిదేళ్ళ పిల్లగా ఆమె ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టినప్పుడు తనకు ఆరేళ్ళు. ఇద్దరూ కలిసి ఆడుకున్నారు. భర్తా పిల్లలూ లేని ఆ జీవితంలో ఆమెకు మిగిలిన బంధం తానొక్కడే. ఆమె కలహాలన్నీ ఆ ఒక్క బంధం చేజారిపోతుందన్న భయం నుంచి పుట్టినవే. నిఖిలేశ్ నోట ఈ నాలుగు మాటలు విన్నాక, విమలతో కలసి ఆమెను తూలనాడిన పాఠకుడు సిగ్గుపడతాడు. దృష్టి మార్చడం వలన సాహిత్యంలో జరిగే మేలు ఇది.

అయినా ఆ వదినకు సొంత ప్రకరణం లేదు. ఇనప్పెట్టెలోంచి పోయిన సొమ్ము ఆమెది, ఆమెతోపాటు మరొక వితంతువుది. పోగొట్టుకున్నవారు ఏమనుకున్నారో వారి నోట మనం వినలేదు. అది రవీంద్రుడు తెలిసి చేసిన ఎంపిక అయినా కావచ్చు. ప్రతి రచయితా ఎక్కడో ఒకచోట గీత గీయవలసిందే. కాని పలువురి కళ్ళతో కథ చెప్పదలచినవారు రచన పూర్తయ్యాక ఒక పని చేయవచ్చు. తమ కథలో ఏదైనా పోగొట్టుకున్నవారి పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసుకుని, వారిలో ఎవరెవరికి మాట దక్కిందో పక్కన గుర్తు పెట్టుకోవాలి. గుర్తు పడని పేరు ఒకటైనా ఉంటే, ఇంకొక ప్రకరణం అక్కడే మిగిలి ఉందేమో ఆలోచించాలి.